ఎథిక్స్ పేపర్‌కి ఎంతమంది తత్వవేత్తలను చదవాలి?

ప్రశ్న: తిరుపతిలో బీఎస్సీ చివరి సంవత్సరం చదువుతున్నాను సార్. సివిల్స్ మెయిన్స్‌లో ఎథిక్స్ పేపర్ అయిన జీఎస్-4 కోసం నలభై మంది తత్వవేత్తల కొటేషన్లు నోట్సు రాసుకున్నాను. పరీక్షలో వాటిని ఎలా వాడాలో అర్థం కావడం లేదు.

జవాబు: ఆ నోట్సు కొన్నాళ్లు అటక మీద పెట్టండి. మొత్తం 250 మార్కుల్లో ఇటీవలి పద్ధతి ప్రకారం 130 థియరీవి, 120 కేస్ స్టడీలవి. కొటేషన్ మీద అడిగినా, ఈ రోజుల్లో దాన్ని ఎలా అన్వయిస్తారన్నదే చూస్తారు. ముందు బెంథామ్, కాంట్, అరిస్టాటిల్, రాల్స్ గట్టిగా వస్తే చాలు. గాంధీ, గీత ఆ తర్వాత సులువుగా అతుకుతాయి.

ఒక కేసు తీసుకుందాం. చిత్తూరు దగ్గర తోతాపురి గుజ్జు ఫ్యాక్టరీ మురుగునీరు చెరువులో కలుస్తోంది, పక్క ఊరి బోర్లు పాడవుతున్నాయి. మూసేస్తే సీజన్ మధ్యలో రైతుల కాయలు కుళ్లిపోతాయి, కూలీలకు పని పోతుంది. మీరు ఆర్డీవో.

ఎక్కువ మందికి ఎక్కువ సుఖం ఇచ్చేదే మంచి పని అన్నది బెంథామ్ వాదం. ఆయన పేరు వినగానే చాలామంది తలలు లెక్కపెట్టి, ‘ఎక్కువ మంది రైతులే కాబట్టి నడవనివ్వాలి’ అని రాసేస్తారు. ఆయన 1789 పుస్తకంలో సుఖదుఃఖాలను కొలవడానికి ఏడు కొలతలు ఇచ్చాడు. ఎంతమందికి అన్నది వాటిలో ఒకటే. ఎంతకాలం, ఎంత ఖాయం అన్నవీ ఉన్నాయి. గుజ్జు సీజన్ కొన్ని వారాలు, భూగర్భజలం పాడైతే ఏళ్లు. లెక్క అక్కడ తిరగబడుతుంది.

ఫలితం కన్నా కర్తవ్యమే ముఖ్యమన్న కాంట్ దగ్గర ఇంకో పొరపాటు జరుగుతుంది. కర్తవ్యం అంటే పైఅధికారి ఆర్డరు అని రాస్తారు. 1785లో ఆయన చెప్పింది వేరు: నీ నియమం అందరికీ వర్తించే చట్టంగా నిలబడగలదా, మనిషిని వట్టి సాధనంగా వాడుతున్నావా? ఆ ఊరివాళ్లను అడక్కుండా వాళ్ల నీళ్లతో ఫ్యాక్టరీ లాభం చేసుకుంటోంది. కాంట్‌కు అభ్యంతరం అదే.

రాల్స్ (1971) ‘అజ్ఞానపు తెర’ ఇక్కడ బాగా పనికొస్తుంది: రేపు మీరు యజమానిగా పుడతారో, బోరు తప్ప దిక్కులేని కూలీగా పుడతారో తెలియకపోతే ఏ నిబంధన ఒప్పుకుంటారు? అరిస్టాటిల్ మధ్యేమార్గాన్ని మాత్రం ‘ఇద్దరికీ సగం సగం’ అని రాయకండి. రెండు అతుల మధ్య ఉండే మంచి గుణం అది: పిరికితనానికీ దుడుకుతనానికీ మధ్య ఉన్నది ధైర్యం, అలాగ. దొంగతనం, హత్య లాంటి వాటికి మధ్యేమార్గమే లేదని ఆయనే అన్నాడు.

ఇవన్నీ ఆలోచించాక జవాబులో రాయాల్సింది నిర్ణయం: మురుగు వదలడం వెంటనే ఆపించడం, నీటి నమూనాలు ల్యాబ్‌కు పంపడం, ఊరికి ట్యాంకర్లు, శుద్ధి ప్లాంటు బాగయ్యేదాకా కాయలను పక్క ఫ్యాక్టరీలకు మళ్లించడం. తత్వవేత్త పేరు ఒక వాక్యం మించకూడదు. నిర్ణయానికి కారణం చెప్పే చోటే ఆ పేరు రావాలి. మొదట్లోనే నలుగురి పేర్లూ గుమ్మరిస్తే జవాబు తోరణంలా ఉంటుంది, వెనక ఇల్లుండదు.

మూడు గంటల్లో థియరీ జవాబుకు ఏడు నిమిషాలు, కేసుకు 14 పెట్టుకోండి. పదమూడు థియరీ, ఆరు కేసులు కలిపి 175 నిమిషాలు. వారానికి రెండు కేసులు గడియారం పెట్టుకుని 250 మాటల్లో రాయండి. అలా ఇరవై కేసులయ్యాక అటక మీది నోట్సు దించి, వాటిలో నిజంగా వాడుకోగలిగిన కొటేషన్లు ఎన్నో చూసుకోండి.