టెన్నిస్‌లో గీతల దగ్గర నిలబడి తీర్పు చెప్పే లైన్ అంపైర్లను తీసేసి కెమెరాలు పెట్టడం సరైనదేనా?

బంతి లోపల పడిందా, బయట పడిందా అన్నంతవరకు సరైనదే. గంటకు 200 కిలోమీటర్ల వేగంతో వచ్చే సర్వీసు గీతను తాకిందో లేదో కంటితో తేల్చడం ఎంత అనుభవజ్ఞులకైనా కష్టం. కోర్టు చుట్టూ ఉన్న కెమెరాలు బంతి వచ్చిన దారిని లెక్కగట్టి, పడిన చోటును వెంటనే చెబుతాయి. ఆస్ట్రేలియన్ ఓపెన్ 2021లో, వింబుల్డన్ 2025లో లైన్ అంపైర్లను పెట్టడం మానేశాయి.

అయితే ఆ 2025 వింబుల్డన్‌లోనే పావ్లుచెంకోవా, కార్టల్ మ్యాచ్‌లో కోర్టుకు ఒకవైపు కెమెరా వ్యవస్థను పొరపాటున ఆపేశారు. బంతి బయట పడినట్టు టీవీ రీప్లేలో కనిపించింది. అయినా ఆ పాయింటు మళ్లీ ఆడించారు! అలాంటప్పుడు తీర్పు చెప్పే అధికారం, ఎత్తు కుర్చీలో కూర్చుని మ్యాచ్ నడిపే చెయిర్ అంపైర్‌కే గట్టిగా ఉండాలి.

నా అసలు బాధ వేరు. 2005లో సానియా మీర్జా హైదరాబాద్ ఓపెన్ గెలిచిన రోజుల్లో గీతల దగ్గర మనుషులే నిలబడేవారు. లైన్ అంపైర్‌గా మొదలుపెట్టి చెయిర్ దాకా ఎదగడమే అప్పటి దారి. మన ఊళ్లో పిల్లల టోర్నీల్లో ఇప్పటికీ కెమెరాలు లేవు, బంతి లోపలా బయటా అన్నది ఆటగాళ్లే చెప్పుకుంటారు, గొడవైతే రెఫరీ రావాలి. పెద్ద టోర్నీల్లో ఆ మొదటి మెట్టు తీసేస్తే, ఇక్కడి కుర్రాళ్లు అంపైరింగ్ వైపు ఎందుకు వస్తారు?