రెండే సీట్లున్న కిట్ కారులో పాపను కూర్చోబెట్టొచ్చా?

ప్రశ్న: లాయర్ గారూ, మూడేళ్లు కష్టపడి, కిట్ తెప్పించుకుని సొంతంగా ఒక కారు కట్టుకున్నాను. రెండే సీట్లు, వెనక సీటు లేదు, ఎయిర్‌బ్యాగ్ లేదు. రేసింగ్ కార్లలో ఉండే నాలుగు పట్టీల హార్నెస్‌లు బిగించాను. రిజిస్ట్రేషన్ అయింది, ఇన్సూరెన్స్ కూడా ఉంది. మా పాపకు నాలుగేళ్లు, బరువు 16 కిలోలు, ఎత్తు 102 సెంటీమీటర్లు. బాబుకు ఎనిమిది నెలలు. పిల్లల్ని ముందు సీట్లో కూర్చోబెట్టడం నేరమా? చైల్డ్ సీటును ఆ హార్నెస్‌తోనే కట్టేయొచ్చా, లేక తెలిసిన వెల్డర్‌తో ఐసోఫిక్స్ కడ్డీలు (బెల్టు లేకుండా చైల్డ్ సీటును నేరుగా కారుకు తగిలించేవి) వేయించుకోవాలా? సీట్ల వెనకున్న ఖాళీలో బాబుకు చిన్న సీటు అమర్చవచ్చా? జరగరానిది జరిగితే ఇన్సూరెన్స్ వస్తుందా? మా ఆవిడ మాత్రం అసలు వద్దే వద్దంటోంది.

జవాబు: ముందు మీ ఆవిడకు సగం మార్కులు వేసి మొదలుపెడతాను. ముందు సీటు గురించి ఆవిడకు భయముంటే చట్టం దృష్టిలో అది అంత పెద్ద సమస్య కాదు. కానీ ఆ హార్నెస్ ఉన్నంతకాలం ఆవిడ మాటే నా మాట.

మీరు ఏ దేశంలో ఉన్నారో రాయలేదు. బెల్టు, చైల్డ్ సీటు విషయంలో బండి ఏ దేశపు రోడ్డు మీద తిరుగుతుంటే ఆ దేశం చట్టమే చూసుకోవాలి, రిజిస్ట్రేషన్ ఎక్కడిదైనా సరే. రెండు సీట్ల కార్ల దగ్గరికొచ్చేసరికి నేను చూసిన చట్టాల ధోరణి దాదాపు ఒకటే. వెనక సీటుంటే పిల్లలు వెనకే, అసలు లేకపోతే ముందు కూర్చోబెట్టుకోవచ్చు, కాకపోతే వాళ్ల వయసుకు తగ్గ సీటులో. ఫ్రాన్స్‌లో పదేళ్లలోపు పిల్లల్ని ముందు కూర్చోబెట్టకూడదు, అయితే వెనక సీటే లేని బండికి మినహాయింపు ఉంది. కాలిఫోర్నియాలో ఎనిమిదేళ్లలోపు వాళ్లకు వెనక సీటే, అక్కడా ఇదే మినహాయింపు. బ్రిటన్‌లో ముందు సీటు మీద నిషేధం లేదు గానీ పన్నెండేళ్లు నిండేదాకా లేదా 135 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేదాకా, ఏది ముందైతే అంతవరకు, చైల్డ్ సీటు ఉండాల్సిందే. జర్మనీలో ఆ ఎత్తు 150. భారత్‌లో మోటారు వాహనాల చట్టానికి 2019లో వచ్చిన సవరణతో చేరిన 194బి సెక్షన్ ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలకు బెల్టు గానీ చైల్డ్ సీటు గానీ ఉండాలి, లేకపోతే జరిమానా కట్టాల్సింది బండి నడిపేవాడు. (భారత్‌లో అయితే ఇంట్లో కట్టిన కారు రిజిస్ట్రేషన్ దగ్గరే ఆగిపోతుంది, ఆ తలనొప్పి వేరే. మీది అయిపోయిందన్నారు కాబట్టి దాని జోలికి పోను.)

కాబట్టి మీ మొదటి డౌటుకు సమాధానం, ముందు సీట్లో కూర్చోబెట్టినంత మాత్రాన మామూలుగా నేరం కాదు. ఎయిర్‌బ్యాగ్ లేకపోవడం ఈ ఒక్క విషయంలో మీకు కలిసొచ్చింది కూడా. వెనక్కి తిరిగి ఉండే చంటిపిల్లల సీటును, పనిచేస్తున్న ఎయిర్‌బ్యాగ్ ముందు పెట్టడాన్ని యూరోపియన్ యూనియన్ 2003లోనే ఆదేశం ఇచ్చి నిషేధించింది, బ్రిటన్‌లోనూ కాలిఫోర్నియాలోనూ అంతే. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే నేరుగా వెళ్లి తగిలేది ఆ సీటు వీపుకే, అంటే పసివాడి తల వెనక. రేపెప్పుడో ముచ్చటపడి డాష్‌బోర్డులో ఒకటి బిగించాలనిపిస్తే ఈ మాట గుర్తుకు తెచ్చుకోండి.

ఇంకొక మాట మీ చెవిన వేసే మిత్రులుంటారు. "పాతకాలం మోడల్ కదా, బెల్టులు లేని బండికి మినహాయింపు ఉంటుందిలే" అంటారు. బ్రిటన్‌లో అలాంటిది ఉన్నమాట నిజమే. కానీ అది కూడా మూడేళ్లు నిండిన పిల్లలకు, వెనక సీటులో మాత్రమే. మూడేళ్లలోపు వాళ్లను అలాంటి బండి ఎక్కించనే కూడదు. మీకు వెనక సీటే లేదు, పైగా బెల్టులున్నాయి, కాబట్టి ఆ మినహాయింపు మీకు ఏ వైపు నుంచీ అందదు.

ఇప్పుడు అసలు విషయం. షోరూమ్ కారు కొన్నవాడికి ఒక సౌకర్యం ఉంది. ఏ సీటులో ఏ చైల్డ్ సీటు పట్టుతుందో కారు కంపెనీ పుస్తకంలో పట్టిక వేసి ఇస్తుంది, తేడా వస్తే కంపెనీ మీదికి పోవచ్చు. చైల్డ్ సీటుతో వచ్చే పుస్తకం తెరిచి చూడండి, "మీ వాహన తయారీదారు సూచనలు చూడండి" అని ఎక్కడో ఒకచోట ఉంటుంది. మీ విషయంలో ఆ తయారీదారు ఎవరు? పానా పట్టుకుని మూడేళ్లు గ్యారేజీలో కూర్చున్న మీరే. ఛాసిస్ గొట్టాలు కిట్ కంపెనీ ఇచ్చి ఉండొచ్చు, కానీ సీటు ఎక్కడ బిగించాలి, బెల్టు ఎక్కడి నుంచి తీయాలి అని తేల్చింది మీరు. రేపు కోర్టులో "ఈ సీటు ఈ కారుకు సరిపోతుందని మీకెవరు చెప్పారు?" అని ఎదుటి లాయరు అడుగుతాడు. నేనైనా మొదట అడిగే ప్రశ్న అదే. దానికి మీ దగ్గర కాగితం ఉండాలి.

అందుకే చైల్డ్ సీటు కొనేముందు దాని మీది స్టిక్కరు చదవండి, సాధారణంగా నారింజ రంగులో ఉంటుంది. గుండ్రటి గీతలో E అక్షరం, పక్కన ఒక నంబరు, ఐక్యరాజ్యసమితి నిబంధన ఆర్44 గానీ ఆర్129 గానీ కనిపిస్తుంది. (అమెరికాలో స్టిక్కరు వేరు, అక్కడి ఫెడరల్ వాహన భద్రతా ప్రమాణాలు పాటించినట్టు రాసి ఉండాలి.) ఆ అక్షరాల మధ్య "యూనివర్సల్" అనే మాట ఉందా, "సెమీ యూనివర్సల్" అని ఉందా అన్నది మీకు ప్రాణం. యూనివర్సల్ సీటుకు కార్ల జాబితాతో పని లేదు, సెమీ యూనివర్సల్ అంటే ఆ సీటు కంపెనీ ఇచ్చిన కార్ల జాబితాలో మీ కారు ఉండాలి. కింద ఊతకాలు ఉండే సీట్లలో చాలావరకు ఈ రకమే. ఇంట్లో కట్టిన కారు పేరు ఏ కంపెనీ జాబితాలోనూ ఉండదు, అంటే ఆ సీటు ఎంత ఖరీదైనదైనా మీ కారులో పెట్టగానే దాని ఆమోదానికి విలువ లేనట్టే. బెల్టుతో బిగించే యూనివర్సల్ సీటు చూసుకోండి.

ఇక హార్నెస్. యూనివర్సల్ సీటును పరీక్షించేది నడుము మీదుగా, భుజం మీదుగా ఒకే పట్టీగా వచ్చే మూడు పాయింట్ల బెల్టుతో. పుస్తకంలో బొమ్మలన్నీ దానివే, సీటు పక్కన ఎర్ర, నీలం గుర్తులున్న దారులన్నీ దానికే. మీ నాలుగు పట్టీలవాటిని ఆ దారుల్లోంచి ఎలాగోలా దూర్చి గట్టిగా లాగితే సీటు కదలకుండా కూర్చున్నట్టే కనిపిస్తుంది, నాకు తెలుసు. కానీ అలా ఎవరూ పరీక్షించలేదు, ఆమోదించలేదు. చాలా దేశాల చట్టాలు సీటును "తయారీదారు సూచనల ప్రకారం" వాడాలంటాయి, అంటే సీటు కొన్నందుకు మార్కులు పడవు, బిగించిన తీరుకే పడతాయి. పోనీ సీటు లేకుండా బూస్టరు (కారు బెల్టు సరిగ్గా అందేలా పిల్లను ఎత్తులో కూర్చోబెట్టేది) వేసి పాపకే ఆ హార్నెస్ కడదామా అంటే అది ఇంకా చెడ్డది. కాళ్ల మధ్య పట్టీ లేని నాలుగు పట్టీల హార్నెస్‌లో గుద్దుకున్న క్షణాన భుజం పట్టీలు నడుము పట్టీని పైకి లాగుతాయి, బకిల్ తుంటి ఎముకల మీంచి పొట్ట మీదికి ఎక్కుతుంది, పిల్ల దాని కిందుగా ముందుకు జారుతుంది. బెల్టు ఆపాల్సింది ఎముకను, మెత్తటి పొట్టను కాదు.

చేయాల్సిన పని ఒకటే. పక్క సీటుకు హార్నెస్ తీసేసి, ఆమోద గుర్తున్న మూడు పాయింట్ల ఇనర్షియా రీల్ బెల్టు (మామూలు కార్లలో ఉండే, లాగితే వచ్చి కుదుపుకు బిగుసుకునే రకం) పెట్టించండి. చాలా కిట్ ఛాసిస్‌లకు దానికి కావలసిన బోల్టు రంధ్రాలు ముందే ఉంటాయి, కాబట్టి అవి ఎక్కడున్నాయో కిట్ కంపెనీని ఈమెయిల్‌లో అడగండి. ఫోన్లో వద్దు, రాతలో కావాలి. లేకపోతే మాత్రం సొంతంగా రంధ్రం వేయకండి. కార్ల బెల్టు బిగింపుల పరీక్షలో (ఐక్యరాజ్యసమితి నిబంధన ఆర్14) భుజం పట్టీని 13.5 కిలోన్యూటన్లతో, నడుము పట్టీని ఇంకో 13.5 కిలోన్యూటన్లతో ఒకేసారి లాగుతారు. ఒక్కోటి దాదాపు 1,370 కిలోల బరువు వేలాడదీసినంత. ఫైబర్‌గ్లాస్ బాడీకి రంధ్రం వేసి వెనక వాషరు పెట్టి బిగిస్తే ఎంతసేపు ఆగుతుందో మీరే ఊహించుకోండి.

ఐసోఫిక్స్ కడ్డీలదీ అదే కథ. చూడటానికి ఆరు మిల్లీమీటర్ల మందం ఉన్న రెండు చిన్న ఇనుప కడ్డీలే, మధ్య దూరం 280 మిల్లీమీటర్లు. అందుకే ప్రతి వెల్డరుకూ అరగంట పనిలా కనిపిస్తాయి. కానీ వాటికి 8 కిలోన్యూటన్ల లాగుడు పరీక్ష ఉంది. పైగా ఆ రెండింటితో పని అవదు, సీటు ముందుకు తిరగబడకుండా మూడో ఆధారం కావాలి. అది వెనక టాప్ టెథర్ అనే పట్టీకి కొక్కెం గానీ, కింద గట్టి నేల మీద ఆనే ఊతకాలు గానీ. మీ కారు నేల పలచటి అల్యూమినియం రేకు అయితే ఊతకాలు దేని మీద ఆనుతుంది? వెల్డింగ్ ఆలోచన మానేయండి.

సీట్ల వెనక ఖాళీలో బాబుకు సీటు అన్నారు చూశారా, దానికి రెండో ఆలోచనే వద్దు. మీ రిజిస్ట్రేషన్ కాగితంలో రెండు సీట్లని ఉంది. మూడో మనిషి ఎక్కిన క్షణం నుంచి బండి, కాగితం వేరువేరైపోతాయి. ఆ ఖాళీ కింద పెట్రోలు ట్యాంకు ఉండే కిట్లు కూడా చాలానే ఉన్నాయి. మీరూ, ఒక బిడ్డా, అంతే. ఆ రోజు మీ ఆవిడ ఇంట్లో, లేదా మీరు ఇంట్లో.

ఇన్సూరెన్స్ సంగతి. పాలసీ తీసుకునేటప్పుడు ఇది కిట్ కారు అని, ఏ బెల్టులున్నాయో చెప్పారా? చెప్పకపోతే ఇప్పుడు చెప్పండి, బెల్టు మార్చాక మళ్లీ చెప్పండి. చాలా దేశాల్లో గాయపడ్డవాళ్లకు తప్పనిసరి బీమా కింద డబ్బు రావడం ఆగదు గానీ, మీరు దాచిన విషయం బయటపడితే కంపెనీ కట్టేసి ఆ డబ్బు మీ దగ్గర వసూలు చేసుకునే దారి తెరిచే ఉంటుంది. అంతకన్నా మనసును పిండేది ఇంకొకటుంది. ఇంగ్లండ్ అప్పీలు కోర్టు 2013లో తీర్పిచ్చిన ఒక కేసులో మూడేళ్ల పాప, బూస్టరు సీటు మీద కూర్చుంది. దాని పుస్తకంలోని సూచనల ప్రకారం ఆ బూస్టరు ఆ పాపకు తగినది కాదు, పాపకు తగిన ఐదు పట్టీల సీటు ఆ తల్లి దగ్గర ఉంది కూడా. ఎదురుగా వచ్చి గుద్దినవాడిదే తప్పు, అందులో ఎవరికీ అనుమానం లేదు. అయినా పరిహారంలో 25 శాతం భారం తల్లి మీద వేశారు. ఆమె అజాగ్రత్తగా నడపలేదు, పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకోలేదు, ఒక సీటు బదులు ఇంకో సీటు వాడింది, అంతే.

మీ పాపకు 16 కిలోలు, 102 సెంటీమీటర్లు కాబట్టి నిబంధనల ప్రకారం చూస్తే, వీపు ఆనే భాగమున్న బూస్టరు కూడా చెల్లుతుంది. ఆర్129లో బూస్టర్లు 100 సెంటీమీటర్ల నుంచే మొదలు. నన్నడిగితే ఇంకో ఏడాది, ముందుకు తిరిగి ఉండి లోపలే పట్టీలున్న చైల్డ్ సీటులోనే ఉంచండి, 18 కిలోల దాకా వచ్చే సీట్లు ఉన్నాయి. కొనేముందు కారు తీసుకెళ్లి అందులో పెట్టించి చూడండి. బకెట్ సీటు పక్క అంచులు ఎత్తుగా ఉంటే చైల్డ్ సీటు అడుగు భాగం వాటి మీద తేలుతుంది, కింద చెయ్యి దూరిందంటే ఆ సీటు మీకు కాదు. బెల్టు బకిల్ చైల్డ్ సీటు ఫ్రేము మీద ఒరుసుకుని వంగకూడదు, ఇరుకు కార్లలో పొడుగు బకిల్‌తో వచ్చే తంటా ఇది. బెల్టు వెళ్లే చోట పట్టుకుని పక్కలకు ఊపితే అంగుళం మించి కదలకూడదు. రోల్ బార్ (బండి తిరగబడితే తలలను కాపాడే ఇనుప గొట్టం) పాప తలకు అందేంత దగ్గరగా ఉంటే దానికి గట్టి ప్యాడింగ్ చుట్టండి. ఇవన్నీ చేస్తూ ఫొటోలు తీయండి, తేదీతో సహా. కిట్ కంపెనీ ఈమెయిలు, బెల్టు బిల్లు, బిగించినవాడి రసీదు, సీటు స్టిక్కరు ఫొటో ఒకే ఫోల్డరులో పెట్టండి. ఎదుటి లాయరు అడిగే ఆ ప్రశ్నకు అదే మీ జవాబు. (చట్టంతో సంబంధం లేకపోయినా ఇంకోటి. మీ కారు సైలెన్సర్ గొట్టం తలుపు కింద పక్కగా పోయే రకమైతే, పాపను ఎక్కించేది దింపేది రెండో వైపు నుంచే. ఆ గొట్టానికి కాలు ఆనించిన పెద్దవాళ్లనే చూశాను నేను.)

బాబుకు మాత్రం ఇప్పుడప్పుడే వద్దు. ఆర్129 ప్రకారం 15 నెలలు దాటేదాకా వెనక్కి తిరిగిన సీటులోనే ఉండాలి. ఆ సీట్లు డాష్‌బోర్డుకూ సీటు వీపుకూ మధ్య చాలా చోటు తింటాయి, సీటు వెనక్కి జరగని మీలాంటి కార్లలో సరైన వాలు దొరకడం కష్టం. వాలు ఎక్కువ నిటారుగా ఉంటే నిద్రపోయిన పసివాడి తల ముందుకు వాలి ఊపిరికి అడ్డుపడుతుంది. ముందు బెల్టు మార్పించి, కిట్ కంపెనీ నుంచి జవాబు తెప్పించుకోండి. బాబు సంగతి అడగాలంటే అప్పుడు వాడి ఎత్తు, సీటుకూ డాష్‌బోర్డుకూ మధ్య కొలత, మీరున్న దేశం పేరు రాసి పంపండి.