రియాక్టర్‌కు వాల్వు ఏ వైపు?

ప్రశ్న: మా ఇంట్లో 600 లీటర్ల ఉప్పునీటి అక్వేరియం ఉంది. అందులో పగడాలు కూడా ఉన్నాయి. ఫాస్ఫేటు 0.25 పీపీఎం నుంచి దిగడం లేదు, గాజుకు రెండు రోజులకే నాచు పడుతోంది. ఫాస్ఫేటు పీల్చే ఐరన్ ఆక్సైడ్ గుళికల కోసం రియాక్టర్ (గుళికలు నింపి, వాటి గుండా నీళ్లు పారించే గొట్టం) కొన్నాను. నీళ్లను తిరిగి ట్యాంకులోకి ఎక్కించే రిటర్న్ పంపు నుంచే దానికి నీళ్లు ఇవ్వాలనుకుంటున్నాను. ప్లంబర్ అవుట్‌లెట్‌కు వాల్వు పెడదామంటున్నాడు. సరేనా? – ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: వద్దండీ. వాల్వు ఇన్‌లెట్ వైపే పెట్టించండి. బయటికి పోయే దారిని బిగిస్తే పంపు ఒత్తిడంతా యాక్రిలిక్ గొట్టం మీద, మూత కింద ఓ-రింగు మీద పడుతుంది. లీకు మొదలయ్యేది అక్కడే. అవుట్‌లెట్ ఎప్పుడూ బార్లా తెరిచే ఉండాలి.

రిటర్న్ పైపు ఒక అంగుళం యూపీవీసీ అయితే, దానికి ఒకటి–అర రెడ్యూసర్ టీ వేసి, అరంగుళం యూనియన్ బాల్ వాల్వు, ఆపైన హోస్ నిపుల్ తగిలించండి. అక్కణ్నుంచి రియాక్టర్‌కు సిలికాన్ ట్యూబు చాలు. ఈ కొమ్మనంతా ముందే బల్ల మీద అతికించి ఆరబెట్టుకుంటే, లైన్ కోసిన రోజు టీకి రెండు జాయింట్లే మిగులుతాయి. సొల్యూషన్ 24 గంటలు ఆరాలి. అంతసేపూ ట్యాంకులో నీళ్లను కదిలించే వేవ్‌మేకర్ నడుస్తూనే ఉండాలి.

ఒక్క విషయంలో పక్కనే నిలబడి చూసుకోండి. మర జాయింటు గట్టిగా ఉంటుందని ప్లంబర్లు అలవాటుగా లోపల ఇత్తడి ఉన్న ఫిట్టింగు తెస్తారు. షాపులో గేట్ వాల్వు అడిగినా చాలాసార్లు ఇత్తడిదే చేతిలో పెడతారు. ఉప్పునీళ్లకు ఇత్తడిలోని రాగి కరుగుతుంది. రొయ్యలకు, నత్తలకు, పగడాలకు అది విషం. ప్లాస్టిక్ మరకు టెఫ్లాన్ టేపు చుట్టి చేత్తో బిగించి, ఆపైన పావు తిప్పు తిప్పితే చాలు. స్పానర్‌తో లాగితే పగులుతుంది.

మోతాదు దగ్గర తొందర పడొద్దు. రాళ్లు, ఇసుక పోగా మీ ట్యాంకులో నీళ్లు సుమారు 500 లీటర్లే ఉంటాయి. ఆ లెక్కకు డబ్బా మీద చెప్పిన దానిలో సగమే వేయండి. ఫాస్ఫేటు ఒక్కసారిగా పడిపోతే పగడాలు తెల్లబడతాయి, మొదలు నుంచి చర్మం ఊడుతుంది. కొన్ని వారాల్లో మెల్లగా 0.1 లోపుకు తెస్తే చాలు, సున్నా చేయకండి.

గుళికలను ఆర్వో నీళ్లతో కడిగి నింపండి. అవుట్‌లెట్ ట్యూబును ముందు బకెట్‌లో పెట్టి, ఎర్రమట్టి రంగు పోయి తేటనీళ్లు వచ్చాకే సంప్‌లోకి మార్చండి. (ఇంటి నీళ్ల సంప్ కాదు, అక్వేరియం కింద ఉండేది.) ఇప్పుడు వాల్వును కొద్దికొద్దిగా తెరవండి. సన్నమంట మీద ఉడికే అన్నంలా గుళికల పైపొర మాత్రమే కదలాలి. ఎగిరెగిరి పడితే ఒకదానికొకటి రాసుకుని పొడై ట్యాంకులోకి పోతాయి. లీటరు చెంబు 20 నుంచి 30 సెకన్లలో నిండిందంటే గంటకు 120–180 లీటర్లు వస్తున్నట్టు. మామూలు ఇంటి రియాక్టర్‌కు మొదట అంత పెట్టి, గుళికల కదలిక చూసి సవరించుకోండి.

కరెంటు పోతే నీళ్లు ట్యాంకు నుంచి వెనక్కి జారతాయి. రిటర్న్ నాజిల్ నీటిమట్టానికి రెండు మూడు సెంటీమీటర్ల కిందే ఉంచి, జారిన నీళ్లకు సంప్‌లో ఖాళీ వదలండి. నీళ్లను వెనక్కి రానివ్వని చెక్ వాల్వును నమ్ముకోవద్దు, ఉప్పు పేరుకుంటే అది మూసుకోదు. కరెంటు కోత పూటంతా సాగితే రియాక్టర్‌లో నిలిచిన నీటిలో ఆక్సిజన్ అయిపోతుంది. కరెంటు వచ్చాక ఆ మొదటి నీళ్లు బకెట్‌లోకే పోనివ్వండి.

ప్రశ్న: గుళికలు నెల తిరిగేసరికి ఇటుకలా గడ్డకట్టాయి. ఎందుకు? – మరో పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: పై స్పాంజి పూడుకుపోయి ప్రవాహం తగ్గి ఉంటుంది. దాన్ని వారానికోసారి కడగండి. ఆల్కలినిటీ (నీళ్లలోని కార్బనేట్ల మోతాదు, డీకేహెచ్‌లలో కొలుస్తారు) కూడా చూడండి. అది 11 డీకేహెచ్ దాటి ఉంటే గుళికల మధ్య సున్నం పేరుకుని అతుక్కుంటాయి. గడ్డను పొడిచి మళ్లీ వాడకండి, మార్చేయండి. ఇకపై అవుట్‌లెట్ నీళ్లలోనూ ఫాస్ఫేటు చూడండి. ట్యాంకులో ఎంతుందో అక్కడా అంతే వస్తే గుళికల పని అయిపోయినట్టే.