గుల్మార్గా, ఔలీయా? ముందు అత్తయ్యగారి మోకాళ్లనడగండి

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది ఎంవీపీ కాలనీ. పిల్లలు ఎనిమిది, ఐదు తరగతులు. సంక్రాంతి సెలవుల్లో వాళ్లకి మంచు చూపించి, వీలైతే స్కీయింగ్ నేర్పించాలని మా ఆశ. రానూపోనూ కలిపి ఏడు రోజులే వీలవుతుంది. కశ్మీర్ అంటే మావారికి జంకు, ఉత్తరాఖండ్‌లోని ఔలి వెళ్దామంటున్నారు. పనిలో పనిగా బదరీనాథ్ కూడా చూడొచ్చని మా అత్తయ్యగారు ఆయన పక్షం చేరారు. ఆవిడకి 68 ఏళ్లు, బీపీ, మోకాళ్ల నొప్పులు. నాకేమో కశ్మీర్‌లోని గుల్మార్గ్ మీద మనసు. మీరు రెండూ చూశారని విన్నాను. ఏది ఖాయం చేసుకోమంటారు?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: అమ్మా, ముందు అత్తయ్యగారికి ఒక మాట చెప్పేయండి. చలికాలంలో బదరీనాథ్ గుడి మూసేస్తారు. నవంబరులో తలుపులు వేస్తే మళ్లీ తీసేది ఏప్రిల్ చివర్లోనో మే నెలలోనో. ఆ ఆర్నెల్లూ పూజలు కింద పాండుకేశ్వర్‌లోనూ, ఔలికి దిగువ ఊరైన జోషీమఠ్ నరసింహస్వామి గుడిలోనూ జరుగుతాయి. ఈ రెండో సంగతి ఆవిడకి చెప్పాలో వద్దో మీ ఇష్టం. సింహాచలం అప్పన్నని కొలిచే మనిషి, అక్కడా నరసింహుడే ఉన్నాడంటే ఔలికే ఓటు వేసినా వేస్తారు.

ఔలి నాకు ఇష్టం. పదిహేనేళ్ల కిందట, నలభై ఏడో ఏట, అక్కడ ఏడు రోజుల స్కీయింగ్ కోర్సు చేశాను. గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ వాళ్లు ఏడు రోజులవి, పద్నాలుగు రోజులవి నడుపుతారు. మొదటి రెండు రోజులూ నేను నేర్చుకున్నది పడటం, లేవటం. కాళ్లకి అంతంత పొడుగు చెక్కలు కట్టుకుని లేవటం కూడా ఒక విద్యేనమ్మా. మూడో రోజుకి స్కీల ముందు కొసలు దగ్గరికి తెచ్చి, మడమలు బయటికి తోసి వేగం తగ్గించడం వచ్చింది. ఎదురుగా 7,816 మీటర్ల నందాదేవి. నిజంగా నేర్చుకోవాలంటే ఔలిలోని ఆ క్రమశిక్షణే మంచిది.

కానీ మీకున్నవి ఏడు రోజులు. లెక్క వేయండి. మొదటి రోజు విమానాలు మారి డెహ్రాడూన్, అక్కణ్నుంచి రుషీకేశ్. రెండో రోజు రుషీకేశ్ నుంచి జోషీమఠ్‌కి సుమారు 250 కిలోమీటర్ల కొండదారి, తొమ్మిది పది గంటలు. అరకు ఘాట్ రోడ్డులో మీ పిల్లలు ఎన్నిసార్లు కారు ఆపిస్తారో మీకే తెలియాలి. అలాంటి మలుపులు తెల్లారినప్పటి నుంచి చీకటి పడేదాకా ఉంటాయనుకోండి. నేను వెళ్లినప్పుడు జోషీమఠ్ నుంచి ఔలికి రోప్‌వే ఎక్కాను. 2023 జనవరిలో ఆ ఊళ్లో నేల కుంగి, ఇళ్లు బీటలు వారినప్పుడు దాన్ని ఆపేశారు. అందుకని దాన్ని లెక్కలో పెట్టుకోకండి, పైకి ఇంకో 16 కిలోమీటర్ల రోడ్డు ఉందనుకోండి. తిరుగు ప్రయాణమూ ఇంతే. మధ్యలో మంచు మీద మీకు మిగిలేది రెండున్నర రోజులు. ఇంతదూరం కూర్చుని వచ్చాక అత్తయ్యగారి మోకాళ్లు ఆవిడ మాట వినవు.

గుల్మార్గ్ అయితే పొద్దున్నే విశాఖలో బయల్దేరి, ఢిల్లీలోనో హైదరాబాద్‌లోనో విమానం మారితే, అన్నీ కుదిరితే రాత్రికి శ్రీనగర్‌లో పడుకోవచ్చు. అక్కణ్నుంచి 50 కిలోమీటర్ల పైచిలుకు. చివరి 13 కిలోమీటర్లు, తంగ్‌మార్గ్ నుంచి పైకి, మంచు బాగా పడితే చక్రాలకి గొలుసులు కట్టిన బళ్లే వెళ్తాయి. మనవాళ్లు చాలామంది శ్రీనగర్‌లో దిగి, పొద్దున వచ్చి, స్లెడ్జి ఎక్కి, ఫొటోలు దిగి సాయంత్రానికి వెళ్లిపోతారు. మీరు ఆ పని చేయకండి. గుల్మార్గ్‌లోనే మూడు రాత్రులు ఉండండి. పిల్లలకి ఒక శిక్షకుణ్ని మాట్లాడుకుని రోజూ పూట చొప్పున చిన్న వాలు మీద వదిలేయండి. ఆ వయసు పిల్లలు నాలాగా రెండు రోజులు పడుతూ కూర్చోరు.

గొండోలా, అంటే అక్కడి రోప్‌వే, టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. మొదటి దశ కొంగ్‌డూరి దాకా, అందరూ వెళ్లొచ్చు. రెండో దశ అఫర్వత్ కొండ మీద దాదాపు 3,950 మీటర్లకి తీసుకెళ్తుంది. సముద్రం పక్కన పుట్టి పెరిగిన ఊపిరి మనది. బీపీ ఉన్న అత్తయ్యగారిని అక్కడికి ఎక్కించకండి, మొదటి దశకైనా డాక్టర్ని అడిగాకే. ఆ పైన కనిపించే వాలులు ఆరితేరినవాళ్లవి. 2024 ఫిబ్రవరిలో మంచు చరియ విరిగిపడి ఒక విదేశీ స్కీయర్ చనిపోయాడు. మీవారికి హుషారు వస్తే ఈ సంగతి గుర్తు చేయండి.

ఆయన జంకుని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. 2025 ఏప్రిల్‌లో పహల్గామ్ ఉగ్రదాడిలో చనిపోయినవాళ్లలో మన విశాఖ ఆయన కూడా ఉన్నారు. టికెట్లు తీసే ముందు అక్కడి పరిస్థితి కనుక్కోండి. ఆయన మనసు అప్పటికీ ఒప్పకపోతే బలవంతం వద్దు, పిల్లాడు పదో తరగతి అయ్యాక ఔలి కోర్సుకి పంపుదురుగాని.

ఇక తేదీలు. సంక్రాంతికి వద్దంటాను. కనుమ నాడు కాకి కూడా కదలదు, మీ ఇంట్లో అత్తయ్యగారు కదలనిస్తారా? ముక్కనుమ నాడు బయల్దేరితే సెలవులు అయిపోతాయి. జనవరిలో ఢిల్లీ పొగమంచుకి విమానం ఎప్పుడు లేస్తుందో తెలియని టెన్షన్ ఒకటి. డిసెంబరు 21 నుంచి నలభై రోజుల్ని కశ్మీరీలు ‘చిల్లై కలాన్’ అంటారు, అంటే పెద్ద చలి. తర్వాతి ఇరవై రోజులు చిన్న చలి. ఫిబ్రవరి మొదటి పక్షంలో వెళ్లండి. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్ని, ఎనిమిదో తరగతిలో నాలుగు రోజులు బడి పోతే ఏమీ కాదు. అయితే మంచుకి పూచీ ఎవరూ ఇవ్వరు. 2024 జనవరిలో చాలా రోజులు అక్కడ మంచు లేక గడ్డి నేలే కనిపించింది. 2025లో మంచు చాలక ఫిబ్రవరిలో జరగాల్సిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడల పోటీల్ని మార్చికి జరిపారు. అందుకని రద్దు చేసుకోగలిగే గదులే బుక్ చేయండి.

బట్టల విషయంలో మనవాళ్లు చేసే తప్పు ఒకటుంది. లోపల కాటన్ బనియన్, పైన నాలుగు స్వెటర్లు. మంచులో పడ్డ పిల్లాడికి అవన్నీ తడిసి ముద్దవుతాయి. లోపల థర్మల్స్, పైన నీళ్లు ఇంకని జాకెట్టూ ప్యాంటూ. చేతి తొడుగులు మనిషికి రెండు జతలు. మన ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు, ఇంట్లో ఎవరిదో ఒకరిది పోస్ట్‌పెయిడ్ ఉండాలి.

అత్తయ్యగారికి శ్రీనగర్ దగ్గర తుల్ముల్లాలో ఖీర్ భవాని అమ్మవారిని చూపించండి. శంకరాచార్య కొండకి మెట్లు చాలా ఉన్నాయి, అటు వద్దు. టీ దగ్గర మాత్రం ముందే చెప్పండి. అక్కడి నూన్ చాయ్ గులాబీ రంగులో ఉండి నోరూరిస్తుంది గానీ ఉప్పగా ఉంటుంది. మా ఆవిడ ఒక్క గుక్క తాగి కప్పు నా చేతిలో పెట్టేసింది.