చెవి మిషన్ ఉన్నా డిక్టేషన్‌లో తప్పులెందుకు?

ప్రశ్న: మండల పరిషత్ బడిలో మూడో తరగతి చెప్తున్నాను. ఈ ఏడాది భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కేంద్రం) నుంచి ఒక పాప మా తరగతికి వచ్చింది. రెండు చెవులకూ మిషన్లున్నాయి. మొదటి బెంచీలో కూర్చోబెట్టి గట్టిగానే చెప్తున్నాను. అయినా ‘పాట’ అంటే ‘మాట’ అని రాస్తోంది. వినబడకా, శ్రద్ధ లేకా?

జవాబు: శ్రద్ధ సంగతి పక్కన పెట్టండి. అద్దం ముందు నిలబడి, గొంతు పైకి రాకుండా పాట, బాట, మాట అని చూడండి. మూడింటికీ పెదవులు ఒకేలా కలుస్తాయి. ఈ పిల్లలు సగం చెవితో, సగం కంటితో వింటారు. ఇక్కడ కన్ను సాయపడదు. అందుకే ‘కోయిల పాట పాడింది’ అని వాక్యంలో పెట్టి చెప్పి, తర్వాత ఆ మాట ఒక్కటీ మళ్లీ చెప్పండి.

గట్టిగా చెప్పడం మానేయండి. అరిస్తే నోటి తీరు మారిపోతుంది, మిషన్‌లో శబ్దం చెదురుతుంది. బోర్డు వైపు తిరిగి రాస్తూ చెప్పిన మాట పాపకు చెప్పనట్టే. కళ్లజోడుతో చూపు సరిపోయినట్టు మిషన్‌తో వినికిడి సరిపోదు. మీ గొంతుతోపాటు ఫ్యాను మోతనూ, బెంచీ ఈడ్చిన చప్పుడునూ పెంచుతుంది. మొదటి బెంచీ కన్నా రెండో వరుసలో, ఫ్యానుకు దూరంగా, ఒక చివర నయం. తల తిప్పితే జవాబు చెప్పే పిల్లల ముఖాలు కూడా కనబడతాయి. కిటికీ మీ వెనక ఉంటే మీ ముఖం నీడలో పడుతుంది, జాగ్రత్త.

రోజూ ప్రార్థన అయ్యాక ఒక్క నిమిషం మిషన్ సరిగా వినిపిస్తోందో లేదో చూడండి: నోటికి కాగితం అడ్డం పెట్టుకుని, మీటరు దూరం నుంచి ఆ, ఈ, ఊ, మ్, ష్, స్ అనండి. వరస మార్చండి, మధ్యలో ఎడం మార్చండి. పాప తిరిగి చెప్పాలి. ‘స్’ ఒక్కటే రోజూ పోతుంటే ఆడియాలజిస్టుకు (వినికిడి నిపుణులకు) చూపించమనండి. నిన్న అన్నీ చెప్పి ఇవాళ ఏదీ చెప్పకపోతే ముందు మిషన్ సెల్లు మార్చండి. సెల్లు మీది స్టిక్కరు పీకాక గాలి తగిలి, వాడినా వాడకపోయినా ఈ సెల్లు అయిపోతుంది. కాబట్టి మీ బీరువాలో ఉంచే సెల్లుకు స్టిక్కరు తీయొద్దు. వాడేటప్పుడు తీసి, నిమిషం ఆగి మిషన్‌లో పెట్టండి. సైజు 13కి నారింజ స్టిక్కరు, 675కి నీలం.

మిషన్ కూత పెడుతుంటే చాలావరకు మౌల్డు (చెవిలో పెట్టే అచ్చు) వదులైందన్నమాట. చెవి పెరిగింది, కొత్తది చేయించాలి. వాల్యూమ్ తగ్గిస్తే కూతతోపాటు వినికిడీ తగ్గుతుంది.

ప్రశ్న: మా బాబుకు వినికిడి లోపం. ప్రైవేటు బడివాళ్లు ‘ప్రత్యేక పాఠశాలలో చేర్చండి’ అంటున్నారు. ఒప్పుకోక తప్పదా?

జవాబు: ఒప్పుకోనక్కర్లేదు. ప్రభుత్వ గుర్తింపున్న బడి వివక్ష లేకుండా చేర్చుకోవాలనే 2016 వికలాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ చెబుతోంది. వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటే 6 నుంచి 18 ఏళ్ల వరకు దగ్గరి బడిలోనో, కోరుకుంటే ప్రత్యేక బడిలోనో ఉచితంగా చదివే హక్కు 31వ సెక్షన్ ఇస్తుంది. ఏది కావాలన్నది మీ ఇష్టం. చేర్చుకోబోమన్న సంగతి కాగితం మీద రాసిమ్మనండి, దాంతో ఎంఈవోను (మండల విద్యాధికారిని) కలవండి. పరీక్షల్లో అదనపు సమయం, రెండో, మూడో భాషల మినహాయింపు 17వ సెక్షన్‌లో ఉన్నాయి. పదో తరగతి దాకా ఆగకుండా ఇప్పుడే అడిగి ఉంచండి.