పాత చార్జర్‌తో సీల్డ్ బ్యాటరీ: పెట్టొచ్చు, వదిలేసి వెళ్లకూడదు

ప్రశ్న: మా కారు మూడు నెలలుగా షెడ్డులోనే ఉండిపోయింది, ఇప్పుడు సెల్ఫ్ తీసుకోవడం లేదు. బ్యాటరీ 12 వోల్టులు, 35 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే బ్యాటరీ సామర్థ్యం), పైన మూతలు లేని సీల్డ్ రకం. ట్రాక్టర్ కోసం నాన్న ఎప్పుడో కొన్న చార్జర్ ఇంట్లో ఉంది. బరువైన ఇనుప డబ్బా, ముందు ముల్లు మీటరు, రెండు క్లిప్పులు, అంతే. మెకానిక్ ఏమో ‘దాంతో పెడితే పేలిపోద్ది’ అంటున్నాడు. నిజమేనా? (తణుకు నుంచి ఒక పాఠకుడు)

మీ మెకానిక్ కాస్త ఎక్కువ భయపెట్టాడు గానీ ఊరికే అనలేదు. ఆ డబ్బాలో ఉండేది ఒక ట్రాన్స్‌ఫార్మర్, కొన్ని డయోడ్లు, ఒక మీటరు. బ్యాటరీ నిండిందో లేదో దానికి తెలీదు, నిండిన తర్వాత కూడా కరెంటు పంపుతూనే ఉంటుంది. మూతలున్న పాత బ్యాటరీలతో ఇది చెల్లిపోయింది. చార్జింగ్ ఎక్కువైతే లోపల బుడగలు కనిపించేవి, నీళ్లు తగ్గితే డిస్టిల్డ్ వాటర్ పోసేవాళ్లం. సీల్డ్ దాంట్లో చూడటానికీ లేదు, పోయడానికీ లేదు, పోయిన నీరు పోయినట్టే. పైగా ట్రాన్స్‌ఫార్మర్ చార్జర్ వోల్టేజీ ఇంట్లో వచ్చే కరెంటును బట్టి మారుతుంది. సాయంత్రం 220 ఉన్న లైన్ అర్ధరాత్రి 250కి వెళ్లిందంటే చార్జర్ కూడా ఆ మేరకు పెరుగుతుంది, మీరేమో నిద్రలో ఉంటారు. అందుకే రాత్రంతా పెట్టి పడుకోవడం మాత్రం వద్దు.

పగలు, మీరు ఇంట్లో ఉన్నప్పుడు పెట్టండి. కొనాల్సింది ఒక్క డిజిటల్ మల్టీమీటర్, కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. ముందు కారులోంచి బ్యాటరీ విప్పేయండి (నెగెటివ్ తీగ మొదట), ఎందుకంటే ఈ చార్జర్ వోల్టేజీ కారులోని ఎలక్ట్రానిక్స్‌కి మంచిది కాదు. బయట గాలి ఆడే చోట పెట్టి, ఎరుపు క్లిప్పు ప్లస్‌కి, నలుపు మైనస్‌కి తగిలించి, ఆ తర్వాతే స్విచ్ వేయాలి. తీసేటప్పుడు ముందు స్విచ్ ఆపి, తర్వాత క్లిప్పులు తీయాలి. తిరగేసి చేస్తే క్లిప్పు దగ్గర నిప్పురవ్వ వస్తుంది, అక్కడ బ్యాటరీలోంచి వచ్చిన హైడ్రోజన్ (అంటుకునే వాయువు) ఉండొచ్చు, మెకానిక్ చెప్పిన ‘పేలడం’ అదే. బీడీ, అగరొత్తి కూడా దగ్గర్లో వద్దు.

కరెంటు విషయానికొస్తే, ఏహెచ్‌లో పదో వంతు హాయిగా సరిపోతుంది, అంటే మీకు మూడున్నర ఆంపియర్లు. చార్జర్‌కి తక్కువ, ఎక్కువ మీట ఉంటే తక్కువలో పెట్టండి. మొదట్లో ముల్లు ఏడెనిమిది దాకా పోయినా కంగారు అక్కర్లేదు, వోల్టేజీ పెరిగేకొద్దీ అదే తగ్గుతుంది. కానీ ముల్లు సున్నాకి వచ్చేదాకా ఆగుదాం అనుకోకండి, ఈ చార్జర్లలో అది రాదు. అరగంటకోసారి బ్యాటరీ తలల మీద మల్టీమీటర్ పెట్టి చూడండి, 14.4 వోల్టులు రాగానే ఆపేయండి. ఈ లెక్క 25 డిగ్రీల వేడికి. మే నెలలో అయితే 14.1 దగ్గరే ఆపడం మంచిది. బ్యాటరీ గోరువెచ్చగా ఉంటే పర్లేదు, చెయ్యి పెట్టలేనంత వేడెక్కినా, పక్కలు ఉబ్బినా, కుళ్లిన గుడ్డు వాసన వచ్చినా వోల్టేజీ ఎంతన్నది చూడకుండా స్విచ్ ఆపేయండి.

ఆపిన వెంటనే కనిపించే వోల్టేజీని నమ్మొద్దు. ఓ పూట అలా వదిలేసి మళ్లీ కొలవండి. 12.7 చుట్టుపక్కల ఉంటే నిండినట్టు, 12.4 ఉంటే ఇంకాస్త పెట్టాలి. గంటలు గడిచినా పదిన్నర వోల్టులు దాటడం లేదంటే లోపల ఒక సెల్ పోయి ఉంటుంది, అలాంటిదాన్ని చార్జ్ చేస్తూ కూర్చోవడం అనవసరం, మార్చేయండి.

పాత చార్జర్‌ని నేను పారేయమనకపోవడానికి ఒక కారణం ఉంది. ఇప్పటి స్మార్ట్ చార్జర్లలో చాలావాటికి బ్యాటరీ మరీ పడిపోతే అసలు అక్కడ బ్యాటరీ ఉన్నట్టే తెలీదు, ఎర్రలైటు వేసి ఊరుకుంటాయి. ఈ ఇనుప డబ్బా అలాంటి పట్టింపులేవీ పెట్టుకోదు. దీంతో ఓ అరగంట లేపి, మిగతాది స్మార్ట్ చార్జర్‌కి అప్పగించడం నాకు నచ్చిన పద్ధతి.

ప్రశ్న: కంప్యూటర్ యూపీఎస్‌లోని చిన్న బ్యాటరీ (12 వోల్టులు, 7 ఏహెచ్) కూడా ఇలాంటి చార్జర్‌తోనే పెట్టొచ్చా?

నేరుగా వద్దు. వీటిలో యాసిడ్ గాజు పీచులో ఇంకి ఉంటుంది. చార్జింగ్‌లో పుట్టే ఆక్సిజన్ లోపలే మళ్లీ నీరవుతుంది, కానీ దానికీ ఒక వేగం ఉంది. అది మించితే వేడి పెరుగుతుంది, వేడి పెరిగితే కరెంటు ఇంకా ఎక్కువ లాగుతుంది, చివరికి వాల్వు తెరుచుకుని ఆవిరి పోతుంది, బ్యాటరీ ఉబ్బి యూపీఎస్‌లోంచి బయటికి కూడా రాదు. పది ఆంపియర్ల చార్జర్ దీనికి మరీ ఎక్కువ. తప్పదంటే ఆటో ఎలక్ట్రీషియన్ల పాత చిట్కా ఒకటుంది, ప్లస్ తీగ మధ్యలో 12 వోల్టుల 21 వాట్ల ఇండికేటర్ బల్బు సిరీస్‌లో పెట్టడం. కరెంటు ఒక ఆంపియర్ అటూ ఇటూగా ఆగుతుంది. బల్బు కరెంటునే తగ్గిస్తుంది, నిండాక ఆపదు కాబట్టి మల్టీమీటర్ కాపలా ఇక్కడా తప్పదు. బల్బు ముట్టుకోకండి, కాలుతుంది.

ప్రశ్న: పాత ల్యాప్‌టాప్ చార్జర్ ఇంట్లో ఉంది, దాన్ని వాడొచ్చా?

వద్దు. అది 19 వోల్టులు, చివరిదాకా 19 దగ్గరికే లాక్కెళ్తుంది.

ప్రశ్న: ఎలక్ట్రిక్ స్కూటర్ లిథియం బ్యాటరీకి?

అస్సలు వద్దు. దానితో వచ్చిన చార్జర్ పోతే అదే మోడల్‌ది కొనుక్కోండి. లిథియం ఎక్కువ చార్జ్ అయితే ఉబ్బడంతో ఆగదు, అంటుకుంటుంది, నీళ్లు పోసినా ఓ పట్టాన ఆరదు.