షార్ట్ ఫిల్మ్‌కు సర్కారు సొమ్ము: లెక్క ఎక్కడ తప్పుతుంది?

ప్రశ్న: మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్ళ మీద 22 నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీశాం. ప్రభుత్వ సంస్థ 4 లక్షలు ఇచ్చింది. అయిదేళ్ళపాటు నికర ఆదాయంలో 20 శాతం ఇవ్వాలని, ఆర్నెల్లకోసారి లెక్క పంపాలని ఒప్పందం. ఇంతవరకు పైసా రాలేదు. అయినా పంపాలా? నికరం అంటే ఏది?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: పంపాల్సిందే. ‘ఈ ఆర్నెల్లలో ఆదాయం సున్నా’ అని రాసి, సంతకం పెట్టి, ఖాతా స్టేట్‌మెంట్ జతచేసి గడువులోపు పంపండి. సున్నా వచ్చినందుకు ఎవరూ తప్పుపట్టరు, కాగితం అందకపోతేనే చిక్కు.

అసలు తగాదా నికరం దగ్గరే. ఏయే ఖర్చులు తీసేయొచ్చో ఒప్పందంలో లేకపోతే, డబ్బు రాకముందే సంస్థకు ఉత్తరం రాసి కాగితం మీద జవాబు తెప్పించుకోండి. ఒక ఓటీటీ 60,000కు ప్రదర్శన హక్కులు తీసుకుందనుకుందాం. టీడీఎస్ 2 శాతం, అంటే 1,200 పట్టుకుని 58,800 మీ ఖాతాలో వేస్తుంది. ఆ 58,800నే ఆదాయంగా చూపితే తప్పు. టీడీఎస్ ఖర్చు కాదు, మీ పేరున ముందే కట్టిన పన్ను. రిటర్న్ వేసినప్పుడు అది మీ లెక్కలో కలుస్తుంది. రిపోర్టులో 60,000 అనే రాయాలి. మధ్యవర్తి కమిషన్ 12,000, సబ్‌టైటిళ్ళ ఖర్చు 6,000 తీసేయడానికి ఒప్పందం ఒప్పుకుంటే నికరం 42,000, సంస్థ వాటా 8,400. షూటింగ్ ఖర్చు మాత్రం ఇక్కడ మళ్ళీ తీసేయకండి, ఆ 4 లక్షలు ఇచ్చిందే దానికి. మీ సొంత డబ్బు కూడా పెట్టి ఉంటే, దాన్ని ముందు రాబట్టుకోవచ్చని ఒప్పందంలో ఉంటేనే చూపండి.

యూట్యూబ్‌తో ఇంకో చిక్కుంది. అనలిటిక్స్‌లో కనిపించేది అంచనా మాత్రమే. ఖరారైన అంకె మరుసటి నెల రెండో వారానికల్లా యాడ్‌సెన్స్‌లో (ప్రకటనల ఆదాయం జమయ్యే గూగుల్ ఖాతాలో) పడుతుంది, 100 డాలర్లు పోగైతే గాని బ్యాంకుకు రాదు. అందుకని సంపాదించిన నెల లెక్కనా, చేతికందిన తేదీ లెక్కనా సంస్థనే అడిగి, అయిదేళ్ళూ ఒకటే పాటించండి. అదే ఛానల్లో వేరే వీడియోలుంటే, ఈ సినిమా ఒక్కదాని అంకెలు విడిగా డౌన్‌లోడ్ చేసి జతచేయాలి.

ప్రశ్న: మా షార్ట్ ఫిల్మ్ గ్రాంటుకు వినియోగ పత్రం (సొమ్ము దేనికి ఖర్చయిందో చూపే కాగితం) పంపినా, బిల్లులు సరిగా లేవని చివరి విడత ఆపారు. నారాయణపేట పల్లెల్లో తీశాం. ట్రాక్టరుకు, భోజనాలకు బిల్లులెక్కడివి?
– ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్

జవాబు: బిల్లు లేనిచోట వోచర్ రాయించండి. డబ్బు తీసుకున్నవారి పేరు, ఊరు, చేసిన పని, తేదీ, మొత్తం, సంతకమో వేలిముద్రో ఉండాలి. 5,000 దాటితే రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించాలి. ఫోన్‌లో పంపిన డబ్బుకు స్క్రీన్‌షాట్ చాలదు, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ వరుసకు గీత పెట్టి వోచర్ నంబరు వేయండి.

ఇవన్నీ ఉన్నా ఆగే కారణాలు రెండున్నాయి. ఒప్పందం తేదీకి ముందటి ఖర్చులు కలపడం ఒకటి. కెమెరా అద్దె పద్దు దాటిపోయి, ఆ తేడాను ఎడిటింగ్ పద్దులోంచి అనుమతి లేకుండా సర్దడం రెండోది. మొదటిదైతే ఆ బిల్లులు తీసేయండి. రెండోదైతే కారణం రాసి పద్దు మార్పుకు అనుమతి అడగండి. గ్రాంటు సొమ్ముకు ఖాతాలో పడిన వడ్డీని కూడా విడిగా చూపి, పద్దులవారీగా మంజూరు, ఖర్చు, మిగులు, వోచర్ నంబర్లు ఒకే పేజీలో వేసి, దాన్ని ఫైలు పైన పెట్టి మళ్ళీ పంపండి.